ఎర వేసేనాటికి నేరం ఉందా?

సంపాదకులకు,

రాజకీయ నాయకుడు ఎవరైనా లైంగిక వ్యవహారంలో కెమెరాకు చిక్కితే మన దగ్గర వాదన రెండు ముక్కల్లో ముగుస్తుంది. ప్రత్యర్థులు రాజీనామా అడుగుతారు, అనుచరులు అది వలపు వల అంటారు. ఎవరి మాట నెగ్గినా, ఆ వల పన్నిన పద్ధతి గురించి చర్చే ఉండదు. పోలీసులు మఫ్టీలో వెళ్లి ఒకరిని పట్టుకున్నప్పుడు ముందుగా తేల్చాల్సింది ఒకటుంది. వాళ్లు ఎర వేసేనాటికే అక్కడ నేరం నడుస్తోందా, లేక ఎర వేశాక పుట్టిందా? పట్టుబడ్డ మనిషి నీతిమంతుడా, వంచకుడా అన్నదానికీ ఈ ప్రశ్నకూ సంబంధం లేదు.

అమెరికాలో సెనేటర్ ల్యారీ క్రెయిగ్ కేసును ఈ దృష్టితో చూడాలి. 2007 జూన్ 11 మధ్యాహ్నం, మినియాపొలిస్–సెయింట్ పాల్ విమానాశ్రయంలోని పురుషుల మరుగుదొడ్డి. అక్కడ లైంగిక చర్యలు జరుగుతున్నాయని ఫిర్యాదులు రావడంతో మఫ్టీలో ఉన్న పోలీసు ఒకరు ఒక గదిలో కూర్చున్నారు. క్రెయిగ్ ఆ గది తలుపు సందులోంచి లోపలికి చూశారనీ, పక్క గదిలోకి వెళ్లి చక్రాల బ్యాగును తలుపుకు అడ్డం పెట్టారనీ, కుడికాలితో నేలను తట్టారనీ, ఆ కాలు జరిపి అధికారి కాలికి తగిలించారనీ, అడ్డుగోడ కింద చేయి పలుమార్లు ఆడించారనీ పోలీసు నివేదికలో ఉంది. తానూ కాలు మెల్లగా పైకీ కిందికీ ఆడించానని ఆ అధికారి అందులోనే రాసుకున్నారు. తర్వాత గుర్తింపు కార్డును గోడ కిందుగా చూపించి, బయటికి పదమని వేలితో సైగ చేశారు.

జరిగింది అంతే. నోటి మాట లేదు, డబ్బు ప్రసక్తి లేదు, లైంగిక చర్య ఏదీ జరగలేదు. ఆరోపణలు రెండు పెట్టారు. ఇతరుల ఏకాంతంలోకి తొంగిచూడటం ఒకటి, అనుచిత ప్రవర్తన రెండోది. ఆగస్టులో క్రెయిగ్ లాయరు సాయం లేకుండా, కోర్టుకు వెళ్లకుండా, రెండో ఆరోపణను మాత్రం ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం చేసి పోస్టులో పంపారు. మొదటిది ఎత్తేశారు. జరిమానా, ఖర్చులు కలిపి 575 డాలర్లు. 10 రోజుల జైలు శిక్షను నిలిపివేసి ఏడాది ప్రొబేషన్ ఇచ్చారు. వాషింగ్టన్‌లోని రోల్ కాల్ పత్రిక ఆగస్టు 27న సంగతి బయటపెట్టే వరకూ ఎవరికీ తెలియదు.

సెప్టెంబరు 1న రాజీనామా ప్రకటించిన ఆయన తర్వాత వెనక్కి తగ్గారు. తాను తప్పేమీ చేయలేదని, నేరాంగీకారాన్ని రద్దు చేయమని కోర్టుకెళ్లారు. అక్టోబరు 4న జడ్జి కుదరదన్నారు, 2008 డిసెంబరులో అప్పీలు కోర్టూ అదే చెప్పింది. పదవీకాలం మాత్రం 2009 జనవరి దాకా పూర్తి చేశారు. ఇక్కడ గమనించాల్సింది, ఆ రహస్య ఆపరేషన్ న్యాయమైనదా అన్న ప్రశ్న ఏ కోర్టు ముందూ పూర్తి విచారణకు రానేలేదు. ఆయన సంతకం దగ్గరే దానికి తలుపు మూసుకుపోయింది. మఫ్టీ ఆపరేషన్లలో ఎక్కువ కేసులు ఇలాగే ముగుస్తాయి. పరువు పోతుందన్న భయంతో మనిషి చిన్న సెక్షనుకు ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడతాడు. దాంతో పోలీసుల పద్ధతిని ప్రశ్నించేవాడే ఉండడు. ఆ పద్ధతిలో ఒప్పుకున్నవాళ్ల సంఖ్య చూపించి ఆపరేషన్ విజయవంతమైందని చెప్పుకోవడం సులువు.

క్రెయిగ్ రాజకీయంగా స్వలింగ వివాహాలను వ్యతిరేకించినవారు. 1996లో ఆ వివాహాలకు కేంద్ర గుర్తింపు లేకుండా చేసిన చట్టానికి ఓటేశారు. అందుకే తగిన శాస్తి జరిగిందన్నవాళ్లు చాలామంది. ఆయనకు భిన్నమైన భావాలున్న పౌరహక్కుల సంస్థ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ మాత్రం ఆయన తరఫున కోర్టులో వాదన దాఖలు చేసింది. వాళ్ల తర్కం గట్టిది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన లారెన్స్ వర్సెస్ టెక్సాస్ తీర్పు తర్వాత ఇద్దరు వయోజనులు ఏకాంతంలో ఇష్టపూర్వకంగా కలవడం అక్కడ నేరం కాదు. నేరం కానిదానికి ఆహ్వానించడమూ నేరం కాదు. కాబట్టి ఆ సైగలు బహిరంగ స్థలంలోనే జరగబోయే చర్యకు ఆహ్వానాలని ప్రభుత్వం రుజువు చేయాలి. కాలు తట్టడం నుంచి అంత దూరం ఊహించడం కష్టం. మరుగుదొడ్డిలో అలాంటి పనులు ఆపడమే లక్ష్యమైతే యూనిఫాంలో ఒక పోలీసు అప్పుడప్పుడూ లోపలికి వెళ్లి వస్తే, గోడకు ఒక హెచ్చరిక అతికిస్తే సరిపోతుంది. నా లెక్కలో ఆ కేసులో నిలిచేది ఏదైనా ఉంటే అది తలుపు సందులోంచి చూడటమే, ఎందుకంటే అందులో లోపల కూర్చున్న మనిషికి హాని ఉంది. సర్కారు వదులుకున్నది సరిగ్గా ఆ ఆరోపణనే.

ఎర వేసి పట్టడానికి హద్దు ఎక్కడన్నది అమెరికా సుప్రీంకోర్టు 1932లో సోరెల్స్ కేసులో చెప్పింది. మద్యనిషేధ కాలమది. పర్యాటకుడి వేషంలో వచ్చిన అధికారి, మొదటి ప్రపంచయుద్ధంలో ఒకే డివిజన్‌లో పనిచేశామని స్నేహం కలిపి, పదే పదే సారా అడిగాడు. మొదట లేదన్న మనిషి చివరికి అర గాలన్ తెచ్చి 5 డాలర్లకు ఇచ్చాడు. నేరం చేసే ఉద్దేశం లేనివాడి బుర్రలో ఆ ఉద్దేశాన్ని ప్రభుత్వమే నాటితే శిక్షించడం కుదరదని కోర్టు తేల్చింది. 1990 జనవరిలో వాషింగ్టన్ మేయర్ మేరియన్ బ్యారీ విషయంలో ఎఫ్‌బీఐ ఆయన పాత స్నేహితురాలినే హోటల్ గదికి ఎరగా పంపింది. ఆయన చూపు ఆమె మీద, ఆమె ప్రోద్బలం మత్తుమందు మీద. వీడియో దేశమంతా చూసింది. అయినా 14 అభియోగాల్లో జ్యూరీ ఒక్క చిన్న నేరం మీదే దోషి అంది. ఆయన నాలుగేళ్లకు మళ్లీ మేయరుగా గెలిచారు. సంబంధాన్ని ఎరగా వాడితే జ్యూరీకి నిందితుడికన్నా పోలీసు మీదే ఎక్కువ అనుమానం కలుగుతుందని ప్రాసిక్యూటర్లకు అప్పుడు తెలిసొచ్చింది.

మన చట్టంలో ‘నన్ను ఉచ్చులోకి లాగారు’ అన్నది విడిగా ఒక డిఫెన్సు కాదు. కానీ సుప్రీంకోర్టు 1954లో రావ్ శివ్ బహదూర్ సింగ్ కేసులో, 1956లో రామ్‌జనమ్ సింగ్ కేసులో గీత గీసింది. లంచం అడిగినవాణ్ని పట్టడానికి వల వేయడం ఒకటి. అడగనివాడి ముందు, లేదా వద్దని విరమించుకున్నవాడి ముందు డబ్బు ఆడించి తప్పు చేయించడం మరొకటి. మనిషికి నేరబుద్ధి ఎంత ఉన్నా, తట్టుకునే శక్తికి మించి ఆశపెట్టే పని చట్టాన్ని కాపాడేవాళ్లు చేయకూడదన్నది ఆ తీర్పు సారం.

లంచం తీసుకుంటుండగా పట్టడానికి అవినీతి నిరోధక శాఖ వేసే వల, అంటే ఏసీబీ ట్రాప్, ఈ గీతకు ఇవతల, చట్టం ఒప్పుకునే వైపు ఉంటుంది. ఎందుకో చూడాలంటే దాని వరస తెలియాలి. ముందు బాధితుడి లిఖిత ఫిర్యాదు. దాన్ని సరిచూసుకుని ఎఫ్‌ఐఆర్. ఆ తర్వాత వేరే శాఖల నుంచి ఇద్దరు ఉద్యోగులను మధ్యవర్తులుగా పిలిపిస్తారు. వాళ్ల ఎదుట నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ పొడి అంటిన వేళ్లను రంగులేని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుందని చేసి చూపిస్తారు. పొడి పూసిన వ్యక్తిని పట్టివేతకు తీసుకెళ్లకూడదు. వెళ్తే అతడి చేతి నుంచే పొడి అంటిందన్న వాదనకు సందు ఇచ్చినట్టే. చివరగా ఫిర్యాదుదారుకు ఇచ్చే సూచన అన్నిటికంటే ముఖ్యమైనది. అవతలివాడు అడిగితేనే డబ్బు ఇవ్వాలి, తనంతట తాను ఇవ్వకూడదు. ఇదంతా ట్రాప్‌కు ముందే మధ్యవర్తుల నివేదికగా రాసి సంతకాలు తీసుకుంటారు. పట్టుకున్నాక రెండు చేతులనూ వేర్వేరు గ్లాసుల్లో కడిగించి, ఆ ద్రావణాలను సీసాల్లో సీలు చేసి ల్యాబుకు పంపుతారు.

ఇంత చేసినా కేసులు ఎక్కడ పోతున్నాయి? గులాబీ రంగు నోటు తాకిన సంగతి చెబుతుంది గానీ, అడిగిన సంగతి చెప్పదు. బి.జయరాజ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2014లోనూ, పి.సత్యనారాయణమూర్తి కేసులో 2015లోనూ సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్లిన శిక్షలనే కొట్టేసింది. డిమాండు రుజువు కానప్పుడు డబ్బు దొరికినంత మాత్రాన చాలదంది. ఫిర్యాదుదారు అడ్డం తిరిగినా, చనిపోయినా డిమాండును ఇతర ఆధారాలతో రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం వెసులుబాటు ఇచ్చింది. డిమాండు అక్కర్లేదని మాత్రం అనలేదు.

ఇప్పుడు ఇదే కొలత నాయకుల లైంగిక వ్యవహారాలకు పెట్టండి. 2018 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు నుంచి నవ్‌తేజ్ జోహార్, జోసెఫ్ షైన్ తీర్పులు వచ్చాక వయోజనుల మధ్య ఇష్టపూర్వక సంబంధం, అది స్వలింగ సంబంధమైనా వివాహేతరమైనా, దానంతట అది నేరం కాదు. కాబట్టి ఫిర్యాదుదారు ఎవరూ లేకుండా పోలీసులే ఒక మహిళను మాట్లాడుకుని నాయకుడి దగ్గరికి పంపితే, అక్కడ పట్టడానికి నేరమే లేదు. దొరికేది వీడియో మాత్రమే. ఆ వీడియోకు కోర్టులో పనిలేదు, బెదిరించడానికే పని. అలాంటిదాన్ని ఆపరేషన్ అనడం తప్పు.

నేరం ఉండే చోటు వేరు. పింఛను, బదిలీ, బిల్లు, కేసు దర్యాప్తు... ఏదో ఒక పని కోసం వచ్చిన మహిళను ‘నా దగ్గరికొస్తేనే అవుతుంది’ అనడం. అవినీతి నిరోధక చట్టంలో ప్రతిఫలం అంటే డబ్బే కానక్కర్లేదు, డబ్బుతో కొలవగలిగేదీ కానక్కర్లేదు. ప్రభుత్వ విధికి బదులుగా లైంగిక కోరిక తీర్చమనడం సెక్షన్ 7 కింద లంచం అడగడమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. ఎమ్మెల్యేలు, మంత్రులు కూడా ఆ చట్టంలో పబ్లిక్ సర్వెంట్లే. 2021 మార్చిలో రాజస్థాన్ ఏసీబీ జైపూర్‌లో మహిళల కేసులు దర్యాప్తు చేసే పోలీసు అధికారినే ఇలాంటి ఫిర్యాదు మీద పట్టుకుంది. ఈ దారి ఉందని మన దగ్గర చాలామంది బాధితులకు తెలియదు. స్టేషనుకెళ్తే వేధింపుల సెక్షను ఒక్కటే రాసి పంపిస్తారు.

అయితే ఈ ట్రాప్‌లో పొడి పనిచేయదు. సాక్ష్యమంతా మాటల్లోనే. అందుకే జాగ్రత్త రెట్టింపు కావాలి. ఫోన్ సందేశాలను స్క్రీన్‌షాట్లుగా ఇస్తే చాలదు, ఫోన్‌నే స్వాధీనం చేసుకుని నకలు తీయించాలి. ట్రాప్‌కు ముందు మధ్యవర్తుల ఎదుట ఒక ఫోన్ కాల్ చేయించి రికార్డు చేయాలి. ఆ కాల్‌లో ఆమె తన పని ఏమైందని మాత్రమే అడగాలి. ‘ఎక్కడికి రమ్మంటారు?’ అని ఆమె నోట ముందు వచ్చిందా, డిఫెన్సు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క వాక్యం దగ్గర గంటసేపు నిలబెడతాడు. చోటు, సమయం అవతలి వ్యక్తి చెప్పినవే కావాలి. హోటల్ గది పోలీసులే బుక్ చేస్తే కేసు సగం బలహీనపడ్డట్టే. రికార్డర్‌లో ఖాళీ మెమరీ కార్డు పెట్టడం మధ్యవర్తులు చూడాలి. ఆమె లోపలికి అడుగుపెట్టే ముందే రికార్డింగ్ మొదలవ్వాలి, బయటికి వచ్చేదాకా ఆగకూడదు. మహిళా సిబ్బంది పిలిస్తే వినపడేంత దగ్గర్లో ఉండాలి. ఎక్కడ ఆపాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి: నోటితో డిమాండు వచ్చి, తలుపు గడియ పడేలోపే లోపలికి వెళ్లాలి. సాక్ష్యం ఇంకా గట్టిగా దొరుకుతుందని ఆగిన ప్రతి నిమిషమూ బాధితురాలిని రెండోసారి బాధించడమే. ఈ మాట దర్యాప్తు అధికారులకు చేదుగా ఉండొచ్చు.

వ్యభిచార గృహాల మీద దాడుల్లో నకిలీ విటుడిని పంపే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. అనైతిక రవాణా నిరోధక చట్టం సెక్షన్ 15 ప్రకారం వారంటు లేని సోదాకు ఆ ప్రాంతంలోని ఇద్దరు గౌరవనీయులు, వారిలో కనీసం ఒక మహిళ, వీరు కాక ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. చాలా కేసుల్లో ఆ సాక్షులు స్టేషను చుట్టూ తిరిగే పాత ముఖాలే. సెక్స్ వర్కర్లను అరెస్టు చేయడం, వేధించడం కుదరదని, వారి గుర్తింపు మీడియాలో రాకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ముఖానికి చున్నీ కప్పుకున్న మహిళల ఫొటోలు ఇప్పటికీ పేపర్లలో వస్తున్నాయి, మీ పేపరుతో సహా. మైనర్లను అమ్మే ముఠాలను పట్టడానికి రహస్య ఆపరేషన్ తప్ప దారిలేదన్నది నిజమే. ఆ అవసరాన్ని చూపించి వయోజనుల వెంట పడటానికి అనుమతి తెచ్చుకోకూడదు.

మీడియా రహస్య కెమెరాలతో చేసే స్టింగుల సంగతి ఇంకా ఘోరం. 2001లో తెహెల్కా వార్తా సంస్థ ఆపరేషన్‌లో లక్ష రూపాయలు తీసుకుంటూ కెమెరాకు చిక్కిన అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్‌కు 2012 ఏప్రిల్‌లో సీబీఐ ప్రత్యేక కోర్టు 4 ఏళ్ల శిక్ష వేసింది. అదే ఆపరేషన్‌లో సైనికాధికారుల దగ్గరికి సెక్స్ వర్కర్లను పంపారని తర్వాత బయటపడటంతో ఆ పరిశోధనకున్న మర్యాద చాలావరకు పోయింది. క్రెయిగ్ వార్త బయటికొచ్చిన మూడు రోజులకు, 2007 ఆగస్టు 30న, ఢిల్లీలో ఒక ఉపాధ్యాయురాలు విద్యార్థినులను వ్యభిచారంలోకి దించుతోందని ఒక ఛానెల్ స్టింగ్ ప్రసారం చేసింది. గుంపు ఆమె మీద పడి కొట్టింది, బట్టలు చింపింది. స్టింగ్ అంతా కట్టుకథని పోలీసు దర్యాప్తులో తేలింది. విద్యార్థినిగా చూపించిన అమ్మాయి అసలు విద్యార్థినే కాదు. ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, ఇలాంటి ప్రసారాలకు ముందు ఒక కమిటీ పరిశీలన ఉండాలని సూచించింది. ప్రజాప్రయోజనం కోసం చేశామన్నంత మాత్రాన స్టింగ్ చేసినవాళ్లకు కేసు నుంచి మినహాయింపు రాదని 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

పద్ధతి ప్రకారం తీసిన రికార్డింగు కూడా చేతులు మారితే పాడవుతుంది. 2022 అక్టోబరులో మొయినాబాద్ ఫామ్‌హౌస్ ఎమ్మెల్యేల కొనుగోలు కేసులో లైంగిక కోణం లేదు గానీ పాఠం ఇదే. రహస్య కెమెరాలతో తీసిన వీడియోలు దర్యాప్తు నడుస్తుండగానే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి విలేకరుల సమావేశంలో తెర మీదికొచ్చాయి. ఆధారాలు అలా బయటికి పోవడాన్నీ లెక్కలోకి తీసుకునే డిసెంబరు 26న తెలంగాణ హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం, రాయాలి. ఒక్క సెకను కత్తిరించినా ఆ విలువ మారిపోతుంది. టీవీలో తిరిగే ఒకటిన్నర నిమిషం ముక్కకు ఆ సర్టిఫికెట్ ఉండదు.

అందుచేత మీ విలేకరులకు నా మనవి. ఈసారి ఏ నాయకుడి వీడియోనైనా పోలీసులు ‘దొరికింది’ అని చూపిస్తే, ఫిర్యాదు ఏ తేదీన వచ్చింది, ఎఫ్‌ఐఆర్ ఎన్ని గంటలకు నమోదైంది, మొదటి సందేశం ఎవరి ఫోన్ నుంచి వెళ్లింది, పూర్తి నిడివి రికార్డింగు కోర్టుకు చేరిందా అని అడిగి, జవాబు రాకపోతే రాలేదనే వార్తలో రాయండి. ఆ వీడియోలోని మహిళ ఫిర్యాదుదారైనా కాకపోయినా ముఖం, గొంతు, ఊరు, ఉద్యోగం ఏవీ వేయొద్దు. ఆమె లైంగిక దాడి బాధితురాలైతే పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం, అది మీ డెస్కుకూ వర్తిస్తుంది.

ఇట్లు,
ఒక క్రిమినల్ న్యాయవాది